పొద్దు పొడిచిన దగ్గర్నుంచి లెక్క

మొన్నొక శనివారం హైటెక్ సిటీలోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్ళు తమ ఉద్యోగుల పిల్లలకి ఓ పూట నోటిలెక్కలు నేర్పమని పిలిస్తే వెళ్ళాను. నిజాంపేట నుంచి ఆ రోడ్డు మీద ఎంతసేపు పడుతుందో లెక్కగట్టడం ఇన్నేళ్ళ అనుభవంలోనూ నావల్ల కాలేదు కాబట్టి, ఎప్పటిలాగే బాగా ముందు బయల్దేరి, ఎప్పటిలాగే బాగా ముందు చేరిపోయి, అద్దాల మేడ కింది అంతస్తులో సోఫాలో కూర్చున్నాను. ఎదురుగోడ మీద వరసగా ఐదు గడియారాలున్నాయి, ఒక్కోదాని కింద ఒక్కో దేశపు ఊరి పేరు. ఒక ఊళ్ళో అప్పుడే తెల్లవారుతోంది, ఇంకో ఊళ్ళో భోజనాల వేళ, మరో ఊళ్ళో జనం దుప్పట్లు కప్పుకుని నిద్రపోతున్నారు. మెడలో వేసుకోమని కార్డు తెచ్చిచ్చిన సెక్యూరిటీ అతన్ని, ఊరికే కూర్చోలేక, ఇన్ని గడియారాల్లో ఏది కరెక్టు బాబూ అని సరదాకి అడిగాను.

"దేనిది దానికే కరెక్టు మేడం. మీరేం ఫికర్ చెయ్యకుండ్రి, మీ క్లాసు మన టైముకే ఉంటది" అన్నాడు, నేను నిజంగానే తికమక పడ్డాననుకుని.

నాకు నవ్వొచ్చింది. దేనిది దానికే కరెక్టు అనే ఆ చిన్న మాట తెలుసుకోవడానికి పదేళ్ళ కిందట మేము సముద్రం దాటి టాంజానియా దాకా వెళ్ళాల్సి వచ్చింది. దాని కోసం మా విద్యార్థిని ఒకమ్మాయి కన్నీళ్ళు కూడా పెట్టుకుంది. పిల్లలు వచ్చేదాకా నాకు ఆ అమ్మాయే గుర్తొస్తూ ఉంది.

అసలు నేను లెక్కలు బడిలో నేర్చుకున్నదాన్ని కాను. ఇంటర్లో నాది సీఈసీ. అది కాగానే జీడిమెట్లలో ఒక మందుల ఫ్యాక్టరీ టైమ్ ఆఫీసులో గుమాస్తాగా చేరాను. మన వయసు వాళ్ళకి తెలిసే ఉంటుంది, అప్పట్లో జీడిమెట్ల అంటే ముందు సైరన్, తర్వాత వాసన, ఆ తర్వాతే మనుషులు. నా పని కార్మికుల కార్డుల మీద పడ్డ గంటలు కూడటం. ఉన్న ఒక్క కాలిక్యులేటర్ ఆఫీసరుగారి సొరుగులో ఉండేది, ఆ సొరుగు తాళంచెవి ఆయన జేబులో ఉండేది. అందుకని గంటల్నీ నిమిషాల్నీ మనసులోనే విడగొట్టి, గుండ్రం చేసి, మళ్ళీ సర్దే ఉపాయాలు నాకు నేనే కనిపెట్టుకున్నాను. వాటిలో కొన్నిటికి పుస్తకాల్లో పెద్ద పెద్ద పేర్లున్నాయని చాలా ఏళ్ళ తర్వాత తెలిసి, పోన్లే, దారి సరైనదే అనుకున్నాను. ఉదయం షిఫ్టు ఆరింటికి మొదలయ్యేది. అందుకని కార్మికులు ఏడయితే ఒకటో గంట అయిందనీ, ఎనిమిదయితే రెండో గంట అయిందనీ అనేవాళ్ళు. ఈ సంగతి ఇక్కడ ఎందుకు చెబుతున్నానో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

ఆ తర్వాత పెళ్ళి, ఇంట్లో ట్యూషన్లు, దూరవిద్యలో డిగ్రీ, ఆపై చదువులు, అన్నీ ఒకదాని వెనక ఒకటి మెట్లెక్కినట్టు జరిగిపోయి, నలభై దాటేసరికి ఒక బీఈడీ కాలేజీలో కాబోయే టీచర్లకి లెక్కలు ఎలా చెప్పాలో చెప్పే పనిలో స్థిరపడ్డాను. మా కాలేజీకి టాంజానియాలోని ఒక స్వచ్ఛంద సంస్థతో ఒప్పందం కుదిరింది. ఏటా ఆరుగురు విద్యార్థినులు మూడు వారాలపాటు అక్కడి ప్రాథమిక పాఠశాలలో పాఠాలు చెప్పాలి, వాళ్ళని తీసుకెళ్ళి తీసుకురావలసింది నేను. అక్కడి ప్రధానోపాధ్యాయురాలు పాఠాలు చూసి, ఈ అమ్మాయి పనికొస్తుంది అని సంతకం పెడితేనే ఆ శిక్షణ లెక్కలోకి వస్తుంది. అలాంటి సర్టిఫికెట్ ఉన్నవాళ్ళని కొండాపూర్, గచ్చిబౌలి వైపు పెద్ద బడులవాళ్ళు ఏరికోరి తీసుకునే రోజులవి.

మొదటి ఏడాది ఆరుగురిలో ఒకమ్మాయిని నేను పట్టుబట్టి చేర్చాను. వాళ్ళది పాలమూరు. నాన్న రాయదుర్గంలో ఒక ఐటీ టవర్‌కి సెక్యూరిటీ గార్డు, మణికొండలో ఒక గది అద్దెకి తీసుకుని కాపురం. అమ్మాయికి ఇంగ్లిష్ అంతంతమాత్రం. మా ప్రిన్సిపల్‌గారు కోస్తావైపు మనిషి, మర్యాదస్తుడు, ఏమాటా మొహం మీద కొట్టినట్టు అనేవారు కాదు.

"మీ మాట కాదనడం కాదండీ, అంత దూరం వెళ్ళాక ఆ అమ్మాయే ఇబ్బంది పడుతుందేమోనని" అన్నారు.

క్లాసులో నలభైమంది పిల్లలుంటే నలభై మొహాలూ చూస్తూ పాఠం చెప్పేది మన బ్యాచ్‌లో ఈ ఒక్కతేనండీ, ఇంగ్లిష్ వస్తుంది పోతుంది, ఆ చూపు రాదు అన్నాను. ఆయన ఆలోచించి, యాజమాన్యంతో మాట్లాడి, ఖర్చు కాలేజీయే పెట్టుకునేలా ఒప్పించారు. కానీ ఒక షరతు పెట్టారు. ఈ అమ్మాయి నెగ్గుకొస్తే ఏటా జిల్లాల నుంచి వచ్చిన ఒక పిల్లకి అలాంటి సీటు ఉంటుంది. నెగ్గకపోతే ఇదే మొదలు, ఇదే చివర. ఆ సంగతి అమ్మాయికి చెప్పవద్దనుకున్నాను గానీ, కాలేజీలో ఏ మాట దాగుతుంది, విమానం ఎక్కేలోపే తెలిసిపోయింది.

ప్రయాణానికి ముందు నేను ఆ ఆరుగురికీ అక్కడివాళ్ళు మాట్లాడే స్వాహిలి భాషలో అంకెలు నేర్పించాను. నమస్కారాలూ కుశలప్రశ్నలూ ఎవరైనా నేర్చుకుంటారు, లెక్కల టీచరు ముందు అంకెలు నేర్చుకోవాలని నా పట్టు. ఒకటి నుంచి వంద దాకా బట్టీపట్టారు. వెనక్కి కూడా చెప్పగలిగేవారు. అంకెలొస్తే గంటలూ వచ్చినట్టేనని అనుకున్నాం. ఎవరైనా అలాగే అనుకుంటారు.

మేము దిగింది సముద్రం ఒడ్డున ఒక చిన్న ఊరు. కొబ్బరిచెట్లూ ఇసుకా ఉప్పుగాలీ చూసి మా బ్యాచ్‌లోని భీమవరం అమ్మాయి మా వైపుకొచ్చినట్టే ఉందే అని మురిసిపోయింది. ఈమె ఆరుగురిలోకీ చురుకైనది, ఇంగ్లిష్ గడగడా మాట్లాడేది, నోటికి అడ్డూ ఆపూ ఉండేది కాదు, పెద్ద అట్టపెట్టె నిండా ఆవకాయ తెచ్చుకుంది. అతిథిగృహంలో వంట చేసే ఆవిడ మొదటి పూటే మొక్కజొన్న పిండితో ముద్ద వండి ముందు పెడితే మిగతావాళ్ళు మొహమొహాలు చూసుకున్నారు. పాలమూరు అమ్మాయి మాత్రం చేత్తో చిదిమి నోట్లో పెట్టుకుని, "అరే, ఇది మా గటకనే! జొన్నలకు బదులు మక్కలేసిండ్రు, గంతే" అంది. ఆ పూట నుంచి వంటావిడకి ఈ పిల్లంటే ప్రాణం. ఇద్దరికీ కలిసి ఏ భాషా పూర్తిగా రాదు, అయినా వంటింట్లో ఎప్పుడు చూసినా ఇద్దరి నవ్వులే.

ఆ రోజే ఒక సంగతి జరిగింది. రాత్రి భోజనం ఎన్ని గంటలకని పిల్లలు అడిగితే, వంటావిడ చూపుడువేలు ఎత్తి, ఒంటిగంటకి అంది. అర్ధరాత్రి ఒంటిగంటకి అన్నం పెడతావా తల్లీ అని భీమవరం అమ్మాయి గుండెలు బాదుకుంటున్నట్టు నటిస్తే అందరూ పకపకా నవ్వారు, వంటావిడ కూడా ఎందుకో తెలియకుండానే నవ్వింది. ఏడింటికి భోజనం వచ్చింది, తిన్నాం, హాస్యాలాడే మనిషి అనుకుని ఊరుకున్నాం.

బడి అంటే ఎర్రమట్టి ఆవరణ, రేకుల కప్పు, బల్లకి నలుగురేసి, తరగతికి డెబ్బైమంది పిల్లలు. పొద్దున్నే చీపుళ్ళు పట్టుకుని పిల్లలే ఆవరణ ఊడ్చేవాళ్ళు. పెద్దవాళ్ళు ఎదురైతే తల వంచి చెప్పే నమస్కారానికి అర్థం మీ పాదాలు పట్టుకుంటున్నాను అని తెలిసినప్పుడు, ఇంత దూరం వచ్చి మన పద్ధతినే చూస్తున్నామే అనిపించింది. ప్రధానోపాధ్యాయురాలు పొడుగ్గా, నిటారుగా ఉండే మనిషి, నాకంటే కొంచెం పెద్దది. మమ్మల్ని అతిథులు అనే పిలిచేది. టీచరు అనడానికి వాళ్ళ మాట మ్వాలిము. ఆ మాట తన టీచర్లకే వాడేది, మాకు కాదు.

పాలమూరు అమ్మాయికి రెండో తరగతిలో గడియారం పాఠం వచ్చింది. అట్టతో పెద్ద గడియారం చేసుకుని, ముళ్ళు తిరిగేలా గుండుసూది గుచ్చి, ఉత్సాహంగా వెళ్ళింది. నేను చివరి బల్ల మీద, నా పక్కన ప్రధానోపాధ్యాయురాలు, కిటికీ దగ్గర ఆ తరగతి టీచరు. విద్యార్థిని పాఠం చెబుతుండగా నేను నోరు విప్పను. అది నా నియమం, ఇప్పటికీ అంతే.

చిన్నముల్లు ఎనిమిది మీద పెట్టి ఎన్ని గంటలని అడిగింది. తరగతంతా ఒక్క గొంతుతో, రెండు అంది. అమ్మాయి కంగారుపడలేదు, పిల్లలకి ఇంకా రాదనుకుంది, కాదు అని చెప్పి, ఎనిమిది అంకెను వేలితో చూపించి, ఎనిమిది గంటలు అని పలికించింది. ముల్లు పది మీదికి జరిపింది. పిల్లలు నాలుగన్నారు. కాదు. పన్నెండు మీద పెడితే ఆరన్నారు. కాదు. మూడు మీద పెడితే తొమ్మిదన్నారు. కాదు, కాదు. వాళ్ళ భాషలో కాదు అనడానికి హపానా అంటారు. ఆ గదిలో ఆ మాట ఎన్నిసార్లు మోగిందో. మొదట అరిచి చెప్పిన పిల్లలు మెల్లగా చెప్పడం మొదలుపెట్టారు, మెల్లగా చెప్పినవాళ్ళు మానేశారు, చివరికి ముందు బల్లలోని ఒక చిన్న పిల్ల తప్ప ఎవరూ చెయ్యెత్తలేదు. ఆ పిల్ల ఎత్తిన చెయ్యి కూడా కాసేపటికి దిగిపోయింది. తరగతి టీచరు కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడింది. గంట కొట్టారు.

వెనక బల్ల మీద నా బుర్ర మాత్రం తన పని తాను చేసుకుంటూనే ఉంది. ఎనిమిదికి రెండు, పదికి నాలుగు, పన్నెండుకి ఆరు, మూడుకి తొమ్మిది. ప్రతిసారీ తేడా ఆరే. గడియారం మీద ఆరు అంకెలు వెనక్కి జరిపితే వాళ్ళ జవాబు. పిల్లలు చేసే తప్పులు నేను ఎన్ని చూశానో, తప్పు అనేది చెదిరిపోయి ఉంటుంది, ఒకడిది ఒకలా, ఇంకొకడిది ఇంకోలా. తరగతంతా ఒకే తేడాతో ఒకే జవాబు చెబితే అది తప్పు కాదు, అది మనకి తెలియని పద్ధతి. జీడిమెట్ల సైరన్ చెవిలో మోగింది. ఏడయితే ఒకటో గంట. వీళ్ళది మొత్తం ఊరే ఉదయం షిఫ్టు లెక్కన్నమాట అనుకున్నాను.

ప్రధానోపాధ్యాయురాలు నన్ను తన గదికి పిలిచింది. ఇంగ్లిష్‌లోనే, చాలా మృదువుగా, మీ అమ్మాయి మంచి పిల్ల, కానీ ఇక మీదట తరగతి తీసుకోవద్దు, మిగిలిన రోజులు కూర్చుని చూడమనండి అంది. మీ గంటల లెక్క వేరని ఇప్పుడే అర్థమైంది, పాఠం జరుగుతున్నప్పుడే ఆ అమ్మాయికి ఒక మాట చెప్పాల్సింది కదా అన్నాను నేను. ఆవిడ ఆశ్చర్యపోయినట్టు చూసింది. అతిథిని పిల్లల ముందు సరిదిద్దడం మా దగ్గర లేదు అంది. గంటల లెక్క తెలియకపోవడం నాకు పెద్ద విషయం కాదు, కొత్తవాళ్ళకి తెలియదు, కానీ పిల్లలు నోరు మూసుకున్నాక కూడా కాదు కాదు అంటూనే ఉంది, అది చూడలేకపోయాను అంది.

ఆవిడ అన్నది నిజమే. నలభై మొహాలూ చూస్తుందని ఏ అమ్మాయి గురించి నేను పందెం కాశానో, ఆ అమ్మాయి ఆ పూట ఒక్క మొహం కూడా చూడలేదు. సంతకం రాదన్న భయం తనని గడియారానికి అతికించేసింది. అయినా ఒక్క పాఠం, అదే తరగతికి, అదే పాఠం, రేపు మళ్ళీ ఇవ్వండి, అప్పుడు కూడా మీకు అలాగే అనిపిస్తే నేనే వెనక్కి కూర్చోబెడతాను అన్నాను. ఆవిడ, అతిథి అడిగితే కాదనలేను కదా అని నవ్వింది. ఆ నవ్వులో కొంచెం చురక కూడా ఉంది.

అతిథిగృహానికి వచ్చేసరికి అమ్మాయి వంటింటి గుమ్మంలో చేటలో చిక్కుడుగింజల్లాంటి ఎర్ర గింజలు పోసుకుని, రాళ్ళు ఏరుతూ ముక్కు ఎగబీలుస్తోంది. అక్కడి చేట అచ్చం మన చేటే. భీమవరం అమ్మాయి పక్కన చతికిలబడి తన పద్ధతిలో ఓదారుస్తోంది.

"ఏమే పాలమూరూ, నీకే రాదా గడియారం, లేకపోతే డెబ్బైమందికీ రాదా? నాకు చెప్పు, నేనెళ్ళి ఆ ముల్లు పీకేసొస్తా."

"నువ్వు జర ఊకో అక్కా. నా నాయిన డ్యూటీల అందరికీ చెప్పుకున్నడు, బిడ్డ ఫారిన్ల పాఠం చెప్తదని. ఇగ ఏం మొహం పెట్టుకొని పోవాలె నేను? నా వెనకొచ్చే పిల్లలకు సీటు గూడ పాయె."

నేను పక్కన కూర్చున్నాను. జవాబు నా నాలిక చివర ఉంది, చెప్పేస్తే ఏడుపు ఆగిపోతుంది, పాఠం కూడా గట్టెక్కుతుంది. కానీ నేను చెప్పిన జవాబు నాదవుతుంది, మర్నాడు తరగతిలో నిలబడాల్సింది తను. అందుకని ఆ గింజల్ని చేటలో గుండ్రంగా గడియారంలా పేర్చమన్నాను, నువ్వు అడిగిన గంట దగ్గర ఒక వేలు, పిల్లలు చెప్పిన గంట దగ్గర ఇంకో వేలు పెట్టి, మధ్య ఎన్ని గింజలు జరగాలో చూడు అన్నాను. విసుగ్గానే పేర్చింది. ఎనిమిది, రెండు. వేళ్ళు చేటకి ఈ చివర ఒకటి, ఆ చివర ఒకటి. పది, నాలుగు. మళ్ళీ ఎదురెదురుగా. పన్నెండు, ఆరు. మూడు, తొమ్మిది.

"ఏంది మేడం ఇది, అన్నీ ఎదురుంగనే వస్తున్నయి" అంది. ఏడుపు ఆగింది.

అప్పుడే వంటావిడ పొయ్యి ముట్టించడానికి లోపలికి వచ్చింది. అమ్మాయి తలెత్తి, వచ్చీరాని భాషలో, అన్నం ఎన్ని గంటలకని అడిగింది. వంటావిడ రోజూ చూపినట్టే చూపుడువేలు ఎత్తింది. ఒంటిగంట. అమ్మాయి నవ్వలేదు. బయట పడమట దిక్కుకి చూసింది. ఆ దేశంలో పొద్దు ఏడాది పొడుగునా ఇంచుమించు ఒకే వేళకి పొడుస్తుంది, ఒకే వేళకి కుంకుతుంది. అప్పుడే పొద్దు కుంకుతోంది. అమ్మాయి చేతి గడియారం చూసుకుంది. ఆరు. ఇంకో గంటకి భోజనం.

"పొద్దు గూకినంక ఒక గంట! మేడం, వీళ్ళు పొద్దు కాడికెల్లి లెక్కవెడుతున్నరు!" అని లేచి నిలబడేసరికి చేట ఒరిగి గడియారం కాస్తా గుమ్మమంతా చెల్లాచెదురైంది. "మా తాత గిట్లనే అంటుండె. గొర్లను తోలుకపోయేటప్పుడు, పొద్దు పొడిచినంక జాముకు వస్త అంటుండె. మా తాతకు గడియారం యాడిది? పొద్దు పొడిస్తెనే దినం షురూ. నడి రాత్రి లేశి దినం షురూ అయిందంటె ఎవరు నమ్ముతరు మేడం? మనమే ఉల్టా!"

నిజమే కదా అనిపించింది నాకు కూడా. మనమూ ఒకప్పుడు జాములూ ఘడియలూ పొద్దు పొడుపు నుంచే లెక్కపెట్టినవాళ్ళమే. లెక్క మార్చుకున్నాక, పాత లెక్క ఇంకెక్కడో బతికే ఉంటుందన్న ఆలోచన కూడా పోయింది. నేను జీడిమెట్ల ఉదయం షిఫ్టు సంగతి చెబితే అమ్మాయి నోరు తెరిచి విని, మీకు ముందే తెలుసు కద మేడం అని నా మొహంలోకి చూసింది. తెలిసినా తెలియకపోయినా రేపు పాఠం నీదే అన్నాను.

ఇక అట్ట కావాలి. పాత గడియారం చుట్టూ ఇంకో వలయం వెయ్యడానికి తగినంత పెద్ద అట్ట ఆ ఇంట్లో ఒక్కటే ఉంది, భీమవరం అమ్మాయి ఆవకాయ పెట్టె.

"మా అమ్మ కట్టిచ్చిన పెట్టే అది, ముట్టుకుంటే ఊరుకోను" అంటూనే తెచ్చి ముందు పడేసింది. "వెధవ అట్ట, కొయ్యి. నూనె మరకలున్నచోట అంకె వెయ్యకు, కనపడి చావదు."

మర్నాడు తరగతిలో పిల్లలు నిన్నటి మౌనంతోనే కూర్చున్నారు. అమ్మాయి గడియారం బల్ల మీద బోర్లా పెట్టి, పొద్దున వంటావిడ దగ్గర నేర్చుకున్న ఒకే ఒక్క మాట చెప్పింది. నాకు నేర్పండి అని. నిన్న మీరు చెప్పింది ఒప్పు అని కూడా చెప్పబోయి, మాటలు చాలక, నిన్నటి రోజుకి వాళ్ళ భాషలో ఉన్న మాట పలికి, పిల్లలందరినీ చూపించి, చేతులు తట్టింది. కాసేపు ఎవరూ కదల్లేదు. అమ్మాయి మాత్రం తొందరపడలేదు. ఒక్కొక్క బల్లనీ, ఒక్కొక్క మొహాన్నీ చూస్తూ నిలబడింది. నేను పందెం కాసిన అమ్మాయి ఇదిగో ఇప్పుడు వచ్చింది అనుకున్నాను.

ముందు బల్లలోని చిన్న పిల్ల లేచింది. వచ్చి, గడియారం తిప్పి, చిన్నముల్లు ఏడు మీద పెట్టి, ఒంటిగంట అని, చీపురుతో ఆవరణ ఊడుస్తున్నట్టు వంగి చూపించింది. తరగతి గొల్లుమంది. ఆ తర్వాత వరసగా వచ్చారు. గంజి తాగే వేళ ఒకడు, బడి వదిలే వేళ ఒకతె, మేకల్ని కట్టేసే వేళ ఇంకొకడు. అమ్మాయి ప్రతిదానికీ తలూపుతూ, పక్కన నల్లబల్ల మీద పొడుస్తున్న పొద్దునీ, నడినెత్తిన పొద్దునీ, కుంకుతున్న పొద్దునీ గీస్తూ పోయింది. అప్పుడు బల్ల కిందనుంచి ఆవకాయ పెట్టె వలయం తీసి గడియారం చుట్టూ తొడిగింది. లోపల నల్లరంగులో మన అంకెలు, బయట ఎర్రరంగులో వాళ్ళ అంకెలు. ఒక్క ముల్లే రెండు అంకెల్నీ ఒకేసారి చూపిస్తుంది. పెద్ద తరగతులకి పోయాక ఇంగ్లిష్‌లో గంటలు చదవాల్సి వచ్చినప్పుడు ఆ ఊరి పిల్లలంతా తడబడేది సరిగ్గా అక్కడేనట. అది మాకు తర్వాత తెలిసింది.

నా పక్కన కూర్చున్న ప్రధానోపాధ్యాయురాలు అప్పటిదాకా చేతులు కట్టుకునే ఉంది. నాకు మాత్రం వలయం తొడిగినప్పుడే ఒక పొరపాటు కంటబడింది. తొందరలో అమ్మాయి నాలుగు అంకె రెండుసార్లు వేసింది, పది పక్కనా నాలుగే, పదకొండు పక్కనా నాలుగే. నియమం ప్రకారం నేను పళ్ళు బిగించుకుని కూర్చున్నాను. ఉన్నట్టుండి ఆవిడ లేచి నిలబడింది. పిల్లలందరూ వెనక్కి తిరిగారు.

"మ్వాలిము," అంది ఆవిడ, ఆ గదంతా వినబడేలా, "పదకొండు పక్కన నాలుగు కాదు, ఐదు రావాలి."

అమ్మాయికి ఒక్క క్షణం ఏమీ అర్థం కాలేదు. తప్పు పట్టుకున్నారని మొహం పాలిపోయింది. ఆ తర్వాత తనని ఏమని పిలిచారో చెవికెక్కింది. అతిథి అనలేదు. అతిథిని పిల్లల ముందు సరిదిద్దరని ముందు రోజు నేనే తనకి చెప్పాను. ఎర్రరంగు పెన్ను తీసి, నవ్వుతూ నాలుగు కొట్టేసి ఐదు వేసింది. పిల్లలు కూడా, టీచరు దొరికిపోయిందని, బల్లలు చరుస్తూ నవ్వుతున్నారు. నా ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఒక టీచరుకి దొరికిన మెప్పుల్లో అంతకంటే గొప్పది నేను చూడలేదు.

సంతకం వచ్చింది. గడియారం అక్కడి గోడ మీదే ఉండిపోయింది, నూనె మరకలతో సహా. మేము వచ్చేముందు ప్రధానోపాధ్యాయురాలు ఆ అమ్మాయి చేత పక్క తరగతికి కూడా అదే పాఠం చెప్పించుకుంది. విమానంలో పాలమూరు అమ్మాయి నా భుజానికి తల ఆనించుకుని, "మేడం, మల్ల వచ్చే ఏడు మా దిక్కు పిల్లనొకతెను తోలుకొస్తరు కద" అంది. తోలుకెళ్ళాను. ఆ తర్వాతి ఏడూ, ఆపై ఏళ్ళూ వనపర్తి, మెదక్, ఆదిలాబాద్ పిల్లలు ఆ ఎర్రమట్టి ఆవరణలో నిలబడి అంకెలు పలికించారు. ఈ అమ్మాయి ఇప్పుడు కొండాపూర్‌లో ఒక బడిలో లెక్కల విభాగానికి పెద్ద. తన దగ్గరికి శిక్షణకి వచ్చిన కొత్తవాళ్ళకి మొదటిరోజు పాఠం ఏమీ చెప్పదట. ఒక చేటలో పన్నెండు గింజలు పోసి ముందు పెడుతుందట.

ఇప్పుడు ఆ ప్రయాణాలు లేవు. కాలేజీలోనే ఒక గదిలో తెర ముందు నిలబడి అవతలి దేశపు పిల్లలకి పాఠం చెబుతారు, అది కూడా శిక్షణే అని లెక్కవేస్తారు. తప్పని అనను, ఖర్చు తక్కువ, పిల్లలు ఎక్కువ. కానీ తెరలో ఎత్తిన చెయ్యి దిగిపోవడం కనిపించదు, కనిపించినా వంటింటి గుమ్మంలో ఏడవడానికి ఒక చోటు లేదు. విమానం దిగగానే ఫోన్లు వాటంతటవే గంటలు సర్దుకుంటున్నాయి కాబట్టి, ఆ ఊరు వేరు, దాని పొద్దు వేరు అన్న స్పృహ మనిషికి కలగనే కలగదు. జీడిమెట్ల సైరన్ వినబడి ఎన్నాళ్ళయిందో నాకే గుర్తులేదు.

ఆ రోజు హైటెక్ సిటీ నుంచి ఇంటికి వచ్చాక మావారికి ఇదంతా మళ్ళీ చెప్పుకొచ్చాను. వందసార్లు విన్నదే అయినా ఆయన విన్నారు. మర్నాడు పొద్దున్నే లేచి, కాఫీ పట్టుకుని బాల్కనీలో కూర్చున్నాను. మేము ఈ ఇంటికి వచ్చిన కొత్తలో ఆరున్నరకల్లా ఎండ నా తులసికుండీ మీద పడేది. ఆ తర్వాత తూర్పున ఒక టవర్ లేచింది, దాని పక్కన ఇంకొకటి, వాటి మధ్య ఉన్న సందులో మొన్న మొన్ననే మూడోది. ఇప్పుడు ఎండ వచ్చేసరికి తొమ్మిదవుతోంది. గోడ గడియారం మాత్రం తన మానాన తాను తిరుగుతూనే ఉంది, దానికేం, దానికి పొద్దుతో పనిలేదు. నేను మాత్రం కాఫీ చల్లారేదాకా ఎదురుచూసి, ఆ వెలుగు టవర్ అంచు దాటి కుండీ మీద పడ్డాకే లేచాను. మా ఇంట్లో ఈమధ్య ఒకటో గంట ఆలస్యంగా మొదలవుతోంది.